పని బాగానే ఉందట, ‘ఓనర్‌షిప్’ లేదట!

ప్రశ్న: బాలానగర్‌లో విడిభాగాలు తయారుచేసే చిన్న కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్‌ని. ఆరు నెలల ప్రొబేషన్‌లో అయిదు అయిపోయాయి. టైముకి వస్తాను, చెప్పిన పని తప్పుల్లేకుండా చేస్తాను. అయినా మా సార్ ‘పని బాగానే ఉందమ్మా, ఓనర్‌షిప్ లేదు’ అంటున్నారు. అసలు ఆయనకేం కావాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీకు అప్పగించిన పనిని ఆయన మళ్ళీ గుర్తుపెట్టుకునే అవసరం రాకూడదు. ఆయన అడిగేది అంతే. రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చున్నంత మాత్రాన అది రాదు.

మీ పనిలోంచే చూద్దాం. కొనుగోళ్ళ మీద కట్టిన జీఎస్టీకి క్రెడిట్ (మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గింపు) రావాలంటే సప్లయర్ ఆ బిల్లును తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్నులో, ఎక్కించాలి. నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకు గడువు తర్వాతి నెల 11. సప్లయర్లు ఎక్కించిన బిల్లుల్లో మీకు వచ్చే క్రెడిట్‌ను చూపే పట్టిక 2బీ 14న వస్తుంది, పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను 3బీ 20లోపు వేయాలి. మామూలు అసిస్టెంటు 18న 2బీని టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) లెక్కలతో సరిచూసి ‘సార్, ఈ బిల్లు రాలేదు’ అంటాడు. మాట నిజమే, కానీ అప్పటికి ఏం లాభం? ఆ క్రెడిట్ వచ్చే నెల మాట. దానికోసం ఆగి 3బీ ఆలస్యం చేస్తే రోజుకు 50 రూపాయల ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం.

పనికొచ్చే అసిస్టెంటు 7వ తేదీనే పెద్ద బిల్లుల జాబితా తీసి, కిందటి నెల ఆలస్యం చేసినవాళ్ళకు ముందు ఫోన్ చేస్తాడు. బిల్లు ఎక్కించారా అని అడిగి ఊరుకోడు, మన జీఎస్టీ నంబరు మీదే ఎక్కించారా అనీ అడుగుతాడు. నంబరు లేకుండా మామూలు కొనుగోలుదారుకు అమ్మినట్టు చూపించేవాళ్ళు ఉన్నారు మరి.

తర్వాత సార్‌కి ఇలా ఒక మెసేజ్ పెట్టండి: ‘సార్, జీడిమెట్ల సప్లయర్ బిల్లు రూ.1,18,000 ఇంకా ఎక్కించలేదు. ఈరోజు ఫోన్ చేశాను, 10లోపు ఎక్కిస్తామన్నారు. లేకపోతే రూ.18,000 క్రెడిట్ ఆగుతుంది. వాళ్ళ పేమెంటు 11 దాకా ఆపమంటారా?’ సంగతి, డబ్బు, మీరు చేసింది, ఆయన తేల్చాల్సింది అన్నీ ఇందులో ఉన్నాయి. ఆయన చేయాల్సిందల్లా అవుననో కాదనో అనడం.

చివర్లో ‘ఆపమంటారా’ అనే రాయండి. ‘ఆపేశాను’ అని రాస్తే చొరవ కాస్తా దూకుడవుతుంది. కొత్తలో ఉత్సాహవంతులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ఇంకొకటి. పాస్‌వర్డులు, సప్లయర్ల నంబర్లు తన దగ్గరే దాచుకుని ‘నేను లేకపోతే ఆఫీసు ఆగిపోతుంది’ అనుకునేవాళ్ళుంటారు. అది విలువ కాదు, యజమానికి గుబులు. బోనాలకు రెండు రోజులు సెలవు పెట్టినా, ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో ఒక కాగితం మీద రాసి పక్క సీటువాళ్ళకు ఇచ్చి వెళ్ళండి.

ప్రశ్న: మాదాపూర్‌లో ఇంటర్వ్యూలకు వెళ్తున్నాను. బలాలేంటని అడిగితే ‘కష్టపడతాను, నిజాయతీ, టీమ్‌లో కలిసిపోతాను’ అంటున్నాను. రెండో రౌండు దాటడం లేదు.
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న ప్రతివాళ్ళూ ఆ మూడే చెబుతారు. గుణం పేరు వదిలేసి, నిమిషంలో ఒక సంఘటన చెప్పండి: ప్రాజెక్టులో ఏది ఆగింది, మీరు ఎవరిని కదిలించారు, ఎన్నాళ్ళలో తేలింది. వెంటనే ‘మరి అందులో నీ భాగమెంత?’ అని అడుగుతారు, దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. నిజాయతీ గురించైతే అసలు మాట్లాడకండి, చేసి చూపించండి. రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ ఉంటే రెజ్యూమేలో ఉన్నదున్నట్టు రాయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు తిరగేశారంటే చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ బయటపడతాయి.