దిక్సూచి అన్న ఒక్క మాట గురించి

ప్రియమైన అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భూమి అయస్కాంత క్షేత్రాన్ని జీవులు ఎలా పసిగడతాయో తెలుగులో రాయాలని పూనుకున్నందుకే నాకు ఎంతో సంతోషం. అయితే ఒక్క మాట చుట్టూ ఎర్ర సిరాతో పదకొండు చోట్ల సున్నా చుట్టాను. ఆ మాట ‘దిక్సూచి’. బ్యాక్టీరియా లోపల దిక్సూచి, పక్షి తలలో దిక్సూచి, తాబేలుకు పుట్టుకతో వచ్చిన దిక్సూచి! మూడు జీవులూ మూడు వేర్వేరు పనులు చేస్తుంటే, మూడింటికీ ఒకే చొక్కా తొడిగావు.

బ్యాక్టీరియాకు ఆ చొక్కా సరిపోతుంది. దాని ఒంట్లో మాగ్నెటైట్, అంటే మన సూదంటురాయిలోని ఖనిజమే, నానోమీటర్లలో కొలిచే పలుకులుగా తయారై పూసల పేరులా వరుసగా ఉంటుంది. ఆ వరుస క్షేత్రానికి అనుగుణంగా తిరుగుతుంది, దానితో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. చచ్చిపోయిన బ్యాక్టీరియా కూడా అలాగే తిరుగుతుంది. ఈ వాక్యం నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి. అది లేకపోతే బ్యాక్టీరియా ఆలోచించి తిరుగుతోందని పాఠకుడు అనుకుంటాడు.

‘1975లో బ్లేక్‌మోర్ కనుగొన్నారు’ అని ఒక్క ముక్కలో దాటేశావు. ఆగవలసింది అక్కడే. అమెరికాలో మాసచుసెట్స్ తీరపు ఉప్పునీటి చిత్తడి నేలల బురదను రిచర్డ్ బ్లేక్‌మోర్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తున్నారు. అప్పటికి ఆయన ఇంకా పరిశోధక విద్యార్థి. నీటి చుక్కలో కొన్ని బ్యాక్టీరియాలు ఎప్పుడూ ఒకే అంచుకు పోయి చేరుతున్నాయి. వెలుతురు కోసమేమో అనుకున్నారు. కాదు, సూక్ష్మదర్శినిని ఎటు తిప్పినా అవి మాత్రం అటే పోతున్నాయి. చివరికి ఒక అయస్కాంతం దగ్గరకు తెస్తే, ఈదుతున్నవన్నీ దానికి తగ్గట్టు దారి మార్చాయి. పాఠకుడిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టు. ‘ఇది వాళ్లకు ఎలా తెలిసింది’ అని అతడు అడగకముందే నువ్వు చూపించాలి.

ఇంకొక సంగతి. ఇటలీలోని పావియాలో సాల్వతోరె బెల్లీని 1963లోనే ఇలాంటి బ్యాక్టీరియాలను చూసి ఇటాలియన్‌లో రాసి పెట్టారు. ఆ రాత చాలా ఏళ్లు బయటి ప్రపంచం కంటపడలేదు. తెలుగులో విజ్ఞానం రాసే మనం ఆయన పేరు మరిచిపోకూడదు. ఒక్క వాక్యమైనా ఇవ్వు.

‘అవి ఉత్తరానికి ప్రయాణిస్తాయి’ అన్నది సగమే నిజం. ఉత్తరార్ధగోళంలో క్షేత్రరేఖలు, అంటే క్షేత్రం దిశను చూపే ఊహా గీతలు, ఉత్తరం వైపు పోతూ నేలలోకి వాలతాయి. ఆ రేఖ వెంట ఈదితే చేరేది బురద అడుగు, అంటే ఆక్సిజన్ తక్కువగా ఉండే చోటు. వాటికి కావలసింది అదే. దక్షిణార్ధగోళంలో ఎక్కువ భాగం దక్షిణానికి ఈదుతాయి, అక్కడ కిందికి పోయే దారి అది కనుక.

పక్షి దగ్గరకు వచ్చేసరికి చొక్కా చిరుగుతుంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో విల్చ్‌కో దంపతులు యూరోపియన్ రాబిన్లు అనే చిన్న వలస పక్షులను పంజరాల్లో ఉంచి, చుట్టూ తీగచుట్టలతో క్షేత్రాన్ని మార్చి చూశారు. 1972లో వాళ్లు ప్రకటించిన ఫలితం చూడు: రాబిన్‌కు ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం అన్న తేడా తెలియదు. రేఖ ఎటు వాలుతోందో మాత్రమే తెలుస్తుంది. మన చేతిలోని దిక్సూచి ముల్లు చేసే పని ఇది కాదు. పైగా తర్వాతి ప్రయోగాల్లో నీలి, ఆకుపచ్చ వెలుగుల్లో దిక్కు గుర్తుపట్టిన పక్షులు ఎరుపు వెలుగులో గుర్తుపట్టలేకపోయాయి. అందుకే పరిశోధకుల చూపు కంట్లో వెలుగుకు స్పందించే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ మీదికి మళ్లింది. దీన్ని నువ్వు ‘రుజువైంది’ అన్నావు. 2021లో తేలింది, ప్రయోగశాలలో వేరుగా తయారు చేసిన రాబిన్ ప్రోటీన్ అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని. ఎగిరే పక్షి కంట్లో అదే జరుగుతోందని కాదు. ఈ రెండింటి మధ్య దూరాన్ని మింగేయకు.

నేను ఒకసారి మింగేశాను. పావురం ముక్కులో సూదంటురాయి ఉందని, దానితోనే ఇల్లు చేరుతుందని ఎంతో ధీమాగా రాశాను. 2012లో వియన్నా పరిశోధకులు ఆ ముక్కులోని ఇనుము నిండిన కణాలు నాడీకణాలు కావని, రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాక్రోఫేజ్‌లని చూపించారు. నా వ్యాసం చదివి పిల్లలకు పాఠం చెప్పానని ఒక ఉపాధ్యాయుడు ఉత్తరం రాసి ఉన్నారు. ఆయనకు తిరిగి ఉత్తరం రాయవలసి వచ్చింది. ఆ బాధ నీకు వద్దు.

సెల్‌టవర్లు పిచ్చుకలకు హాని చేస్తున్నాయన్న పేరా పూర్తిగా తీసేయి. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కొయ్య గుడిసెల్లో ఉంచిన రాబిన్లకు దిక్కు తెలియలేదన్న మాట నిజం. గుడిసెలకు అల్యూమినియం రేకు కప్పి ఎర్త్ చేస్తే తెలిసింది, ఎర్త్ తీసేస్తే మళ్లీ తప్పింది. కానీ 2014లో అక్కడి పరిశోధకులు ప్రకటించిన ఆ ఫలితం 50 కిలోహెర్ట్జ్ నుంచి 5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న విద్యుదయస్కాంత రొదకు సంబంధించినది. మీడియం వేవ్ రేడియో ఆ హద్దులో ఉంటుంది. మొబైల్ ఫోన్లు వాడేవి వందల మెగాహెర్ట్జ్‌లు, అంతకు పైన. పిచ్చుకల మీద మనకున్న ప్రేమను తప్పు సాక్ష్యంతో నిలబెట్టకు.

తాబేలుకు ‘పటం’ అన్న మాట వాడు. దిక్సూచి చెప్పేది దిక్కు మాత్రమే, ఎక్కడున్నామో చెప్పేది పటం. కెన్నెత్ లోమన్ బృందం ఫ్లోరిడాలో అప్పుడే పుట్టిన లాగర్‌హెడ్ అనే జాతి సముద్రపు తాబేలు పిల్లలను నీటి తొట్టిలో ఉంచి, అట్లాంటిక్‌లోని దూరపు చోట్ల క్షేత్రాలను చుట్టూ కల్పించింది. సముద్రం ముఖం చూడని ఆ పిల్లలు ఒక్కో చోటి క్షేత్రానికి ఒక్కో దిక్కుగా ఈదాయి. అవన్నీ సముద్రంలో వాటిని క్షేమంగా ఉంచే సుడి ప్రవాహం నుంచి బయటపడకుండా కాపాడే దిక్కులే. ఈ ఫలితాన్ని విశాఖ తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు అంటగట్టావు. ప్రయోగం జరిగింది లాగర్‌హెడ్ల మీద. మన తాబేళ్ల గురించి రాయాలంటే గుడ్లు పెట్టే కాలంలో ఒక రాత్రి ఆ ఇసుక మీద నడిచి, కంటితో చూసింది రాయి.

చిత్తుప్రతి ఈ నెలాఖరుకు పంపు. శీర్షిక కింద మొదటి వాక్యం బురద నీటి చుక్కతో మొదలుకావాలి. దిక్సూచి అన్న మాట ఎన్ని చోట్ల మిగిలిందో నేను మళ్లీ లెక్కపెడతాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి