జీబ్రా ఫించ్ పక్షుల జంటకు కొర్రలు మాత్రమే పెడితే సరిపోతుందా? గుడ్లు పెడుతోంది గానీ పిల్లలు నిలవడం లేదు

కొర్రలు మంచివే, కానీ అవి ఒక్కటే చాలవు. ఎండు గింజల్లో కాల్షియం బాగా తక్కువ, పిల్లలు ఎదగడానికి కావలసిన ప్రోటీనూ సరిపోదు. మీ పిల్లలు నిలవకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

కొర్రలు, సామలు, వరిగలు కలిపి పెట్టండి. మనం వండుకునే, పొట్టు తీసిన చిరుధాన్యాల బియ్యం కాదు, పొట్టుతో ఉన్న గింజలే కొనండి. ఒక్కో పక్షికి రోజుకు సుమారు ఒక టీస్పూన్ చాలు. ఇక్కడ చాలామంది పొరబడతారు: ఫించ్ గింజను ఒలుచుకుని పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. పైకి గిన్నె నిండుగానే కనిపిస్తుంది, పక్షి మాత్రం పస్తుంటుంది. అందుకే రోజూ పొట్టు ఊది చూడండి.

పంజరంలో కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి పెంకు, కాల్షియం ఇస్తుంది) ఎప్పుడూ ఉండాలి. దొరక్కపోతే కోడిగుడ్డు పెంకులను ఉడికించి, ఆరబెట్టి, పొడిచేసి పెట్టండి. కాల్షియం తగ్గితే గుడ్డు లోపలే ఇరుక్కుని తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు.

జత కట్టే ముందు నుంచే ఉడికించిన కోడిగుడ్డు మెత్తగా చిదిమి వారానికి రెండుసార్లు, గుడ్ల నుంచి పిల్లలు బయటికొచ్చాక రోజూ కొంచెం పెట్టండి. మన ఎండలకు అది త్వరగా పాడవుతుంది, రెండు గంటల్లో తీసేయండి. మొలకెత్తిన గింజలు, కడిగిన కొత్తిమీర కూడా ఇష్టంగా తింటాయి. అవకాడో, చాక్లెట్, ఉప్పు వేసినవి అస్సలు వద్దు.

రెండు మూడు విడతలు పిల్లల్ని పెంచాక గూడు తీసేసి ఆడపక్షికి కొన్ని నెలలు విశ్రాంతి ఇవ్వండి.