సుజాతకి, ఆ అరవై వేల అప్పు గురించి

అంబాజీపేట

చి. సౌ. సుజాతకి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు చెప్పిందంతా విన్నాను. ఫోన్లో లెక్కలు చెబితే ఓ చెవిన పడి ఓ చెవినుంచి పోతాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

పెద్దదాని ఓణీల ఫంక్షన్‌కి తెచ్చిన 60,000, నూటికి 2 రూపాయల వడ్డీ. "నెలకి 1,200 ఠంచనుగా కడుతున్నాం పెద్దమ్మా, ఒక్క నెలా ఆపలేదు" అన్నావు. నాకు భయం వేసింది ఆ మాటకే. అలా ఏడాది కడితే 14,400 అవుతుంది. ఏడాది తిరిగాక కూడా నీ అప్పు 60,000 గానే ఉంటుంది. డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసినన్నాళ్ళూ ఇదే చూశాను. వడ్డీ సక్రమంగా కడుతున్నాం కదా అని అసలు జోలికి పోరు. ఫంక్షన్‌కి తెచ్చిన అప్పు ఆ పిల్ల పెళ్ళి నాటికీ అలాగే ఉంటుంది.

అదే నెలకి 6,000 కట్టావనుకో. మొదటి నెల 1,200 వడ్డీకి పోయి 4,800 అసలులో తగ్గుతుంది. రెండో నెల 55,200 మీదే వడ్డీ, అంటే 1,104. మూడో నెల ఇంకా తక్కువ. ఇలా పదకొండు నెలలు ఆరేసి వేలు కడితే పన్నెండో నెలలో 1,622 రూపాయలతో అప్పు తీరిపోతుంది. మొత్తం వడ్డీ 7,600 చిల్లర. ఇప్పుడు నువ్వు ఏడాదికి కట్టే వడ్డీలో ఇది సుమారు సగమే, పైగా అసలు కూడా తీరిపోతుంది. 1,200 ఎలాగూ కడుతున్నావు కాబట్టి కొత్తగా నెలకి 4,800 తియ్యాలి. అది ఇంట్లోంచే తియ్యాలి.

ముందు అప్పు ఇచ్చినాయన దగ్గరికి మీరిద్దరూ కలిసి వెళ్ళండి. ఇక నుంచి అసలు కూడా కొంచెం కొంచెం కడతామని, కట్టినంత మేరకు వడ్డీ తగ్గించి లెక్క కట్టమని అడగండి. వడ్డీ వస్తున్నంత కాలం అసలు తీసుకోవడానికి కొందరు ఇష్టపడరు. "తర్వాత ఒకేసారి ఇద్దురుగాని" అని తియ్యగా చెబుతారు. ఆ మాటకి లొంగొద్దు. నిజంగానే ఒప్పుకోకపోతే నెలనెలా 4,800 బ్యాంకులో వేరే ఖాతాలో వేసి, 20,000 దాటగానే పట్టుకెళ్ళి ఇవ్వండి.

నోటు సంగతి జాగ్రత్తగా విను. నువ్వు డబ్బు కట్టినప్పుడు ప్రోనోటు వెనకాల చెల్లు, అంటే ఎంత ముట్టిందో, రాసి నీ చేతో అల్లుడుగారి చేతో సంతకం పెట్టిస్తారు. నోటు గడువు మూడేళ్ళు. ఆ లోపు కొంత కట్టి చెల్లు మీద సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. కాబట్టి ఆ చెల్లు వాళ్ళకీ అవసరమే. కానీ ఆ కాగితం వాళ్ళ బీరువాలో ఉంటుంది. నీ దగ్గర ఉండాల్సింది ఆయన సంతకంతో రసీదు. "మన మధ్య రసీదులేంటమ్మా" అంటే గొడవ పడకు, డబ్బు చేతికి ఇవ్వకుండా ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపు. చెల్లులో అంకె నువ్వు స్వయంగా చదివాకే సంతకం పెట్టు. ఖాళీ చెక్కు ఏమైనా ఇచ్చి ఉంటే దాని నంబరు ఎక్కడైనా రాసి పెట్టుకో.

బంగారం పెట్టి తీర్చేద్దామా అని అడిగావు. ప్రభుత్వ బ్యాంకులో బంగారం మీద అప్పు సాధారణంగా నూటికి రూపాయి లోపే పడుతుంది. రూపాయే అనుకున్నా నెలకి 600, అంటే సగానికి సగం తగ్గింది. అదే ఆరేసి వేలు కడితే పదకొండో నెలకే అప్పు తీరి వస్తువు ఇంటికొస్తుంది. లెక్క ప్రకారం ఇదే మంచిది. కానీ బ్యాంకువాళ్ళు నెలనెలా ఇంటికి రారు, అడగరు. అడిగేవాళ్ళు లేకపోయేసరికి ఏడాది ఇట్టే గడిచిపోతుంది, తర్వాత వేలం నోటీసు వస్తుంది. నెలనెలా కట్టగలమని మీ ఇద్దరికీ గట్టి నమ్మకం ఉంటేనే ఆ రెండు పేటల గొలుసు పెట్టు. మధ్యలో ఎంత కట్టినా అసలులో జమ చేస్తారా అని ముందే అడుగు. ఫోన్లో యాప్ అప్పులు, వారం వడ్డీల జోలికి మాత్రం ఈ అప్పు తీర్చడానికి కూడా పోవద్దు. చీటీ తొందరగా పాడేద్దాం అనుకుంటే, ఎంత తగ్గించి పాడుతున్నావో అది కూడా వడ్డీయేనని లెక్కేసుకో.

ఇక ఇంటి ఖర్చులు. కరెంటు బిల్లు 260 యూనిట్లు వచ్చిందన్నావు. మన దగ్గర రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75. నువ్వు తగ్గించే యూనిట్లన్నీ పై మెట్టు నుంచి తగ్గుతాయి, అక్కడే ఉంది లాభం. 260 నుంచి 200కి దిగితే, 35 యూనిట్లు 8.75 చొప్పున, 25 యూనిట్లు 6 చొప్పున కలిపి 456 రూపాయలు మిగులుతుంది. ఇంకో మాట, నెలకి సగటున 300 యూనిట్లు దాటితే మీ రైస్ కార్డుకే ఎసరు వస్తుంది.

అరవై యూనిట్లు ఎలా తగ్గుతాయంటావేమో. గీజరు 2,000 వాట్లు ఉంటుంది. రోజుకి అరగంట వేస్తే ఒక యూనిట్, నెలకి 30. మీ పెరట్లో పొయ్యి రాళ్ళు ఉన్నాయిగా, మా తోటల్లో కొబ్బరి డొక్కలు కుప్పలు పడి ఉన్నాయి, రెండు బస్తాలు మీ పెదనాన్నగారు పంపిస్తారు. స్నానాల నీళ్ళు వాటి మీద కాచుకోండి. ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకోవడం మానేసి 24 గానీ 26 గానీ పెట్టి ఫ్యాను తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు ఆరు శాతం తగ్గుతుంది. కోస్తా ఉక్క సంగతి నాకు తెలుసు, ఏసీ తీసెయ్యమని అనడం లేదు. హాల్లో ఫ్యాను మీ అత్తగారి కోసం రోజంతా తిరుగుతూనే ఉంటుంది. పాత ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు. అది కొనమని ఇప్పుడు చెప్పను, పాతది కాలిపోయిన రోజున మాత్రం వైండింగ్‌కి ఇవ్వకుండా కొత్తరకం తెచ్చుకో.

గ్యాసు విషయంలో నాకు ఓ అనుమానం. మీకు రైస్ కార్డు ఉంది కాబట్టి ప్రభుత్వ దీపం-2 పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ముందు డబ్బు కట్టి తీసుకుంటే తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు పడుతోందో లేదో చూశావా? పడకపోతే ఈ-కేవైసీ అయిందో లేదో గ్యాస్ ఏజెన్సీలో కనుక్కో. పడుతుంటే అది ఎటు పోతోందో కనుక్కో. అది అప్పులోకి వెళ్ళాల్సిన డబ్బు. అలాగే 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు. చించినాడ వంతెన మీదుగా రాజోలు వచ్చి మీ అమ్మని చూడ్డానికి బండి తియ్యక్కర్లేదు, ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కు.

ఫోన్లు నాలుగు, పైగా ఇంట్లో వైఫై. వైఫై ఉంచుకుంటే ఇంట్లోనే ఉండే మీ అత్తగారి ఫోనుకి, చిన్నోడి ఫోనుకి పెద్ద డేటా ప్లాన్లు దండగ. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులని గుర్తుపెట్టుకో.

కిరాణా కొట్లో ఖాతా పుస్తకం మూసెయ్యి. పుస్తకంలో రాయించుకునే ఇంట్లో సరుకు ఎప్పుడూ రెండు రకాలు ఎక్కువే వస్తుంది. పాత బాకీ ఈ నెలలో కట్టేసి, చీటీ రాసుకుని నగదుతో తెచ్చుకో. బియ్యం దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు తెలిసిన రైతు దగ్గర ఏడాదికి సరిపడా తీసుకుంటే బాగా కలిసొస్తుంది, అప్పటికి చేతిలో డబ్బుంటేనే అనుకో. కూరలకి లంకల నుంచి పొద్దున్నే వచ్చేవాళ్ళ దగ్గర ఆనపకాయ, బీరకాయ, తోటకూర తీసుకో.

నిజం చెప్పాలంటే కరెంటు, ఫోను, గ్యాసు, కొట్టు అన్నీ బిగించినా రెండు వేలు, మహా అయితే రెండున్నర వేలు మిగులుతుంది. మిగతాది ఎక్కడుందో నీకూ తెలుసు. ఆదివారం బిర్యానీ పార్సిళ్ళు, సాయంత్రం బజ్జీలు, ఆన్‌లైన్లో వచ్చే డబ్బాలు. పిల్లల నోరు కట్టెయ్యమనను, ఆదివారం కోడికూర ఇంట్లో వండు. పార్సిల్ నెలకి ఒక్కసారి ఉండనీ, పూర్తిగా మానేస్తే రెండో నెలకే విసుగొచ్చి మొదటికొస్తారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మనవాళ్ళు. ఈ ఒక్క వరద కాలం ఆ మాట పక్కన పెట్టమని అల్లుడుగారికి నా మాటగా చెప్పు. సంక్రాంతికి మీరందరూ ఇక్కడికి రండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పిల్లల్ని మీ పెదనాన్నగారు తీసుకెళ్తారు. బట్టలు, పిండివంటలు నా ఖర్చు. దీనికి మొహమాటపడితే నేను బాధపడతాను.

కొన్ని మాత్రం ముట్టుకోకు. పాలు తగ్గించొద్దు. పిల్లల ఫీజు ఆపొద్దు. మీ అత్తగారి బీపీ, షుగరు బిళ్ళలు ఒక్క పూట కూడా మానిపించొద్దు. డాక్టరుగారిని అడిగి అవే మందులు జన ఔషధి షాపులో తీసుకుంటే చాలా తక్కువకి వస్తాయి. లేసు అల్లకానికి వెళ్తానన్నావు. ఆ పని అందంగానే ఉంటుంది గానీ కూలి తక్కువ, కళ్ళు లాగేస్తాయి. నీకు జాకెట్లు కుట్టడం వచ్చుగా, వీధిలో నలుగురికి చెప్పు, అదే నయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో రాస్తున్నాను. మిగిల్చిన డబ్బు ఇంట్లో ఉంటే చిల్లుకుండలో నీళ్ళే. జీతం పడిన రోజునే, ఇంకే ఖర్చూ చెయ్యకముందే, 6,000 పంపించేసెయ్యి. నెలాఖరుకి మిగిలింది కడదామంటే ఏ నెలా మిగలదు. గ్యాసు డబ్బు పడినా, చుట్టాలు పిల్లల చేతిలో పెట్టినా, అల్లుడుగారికి బోనస్ వచ్చినా ఆ వారంలోనే అందులో కనీసం సగం అసలులోకి పంపు. కట్టిన ప్రతిసారీ తేదీ, కట్టింది, వడ్డీకి పోయింది, ఇంకా ఉన్న అసలు అని క్యాలెండరు వెనకాల రాయి. అంకె తగ్గుతూ కనిపిస్తే అల్లుడుగారికీ ఉత్సాహం వస్తుంది.

చివరి రూపాయి కట్టేటప్పుడు ఇద్దరూ వెళ్ళండి. "నోటు ఎక్కడో పెట్టాను, రేపు ఇస్తా" అంటే డబ్బు కూడా రేపే ఇవ్వండి. నోటు, ఖాళీ చెక్కు ఉంటే అది, రెండూ చేతికి తీసుకుని, నోటు మీద పూర్తిగా ముట్టిందని ఆయన చేత రాయించి సంతకం చేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.

పోయిన రెండు నెలల కరెంటు బిల్లులు, కొట్టు పుస్తకం పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. నేను చూసి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తాను. నువ్వు టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకోకు.

మీ పెద్దమ్మ