చరిత్ర – మీ ప్రశ్నలు: రాజు ముందా, రాజ్యాంగం ముందా?

ప్రశ్న: విప్లవాలు వచ్చింది రాజరికాన్ని వదిలించుకోవడానికే కదా. మరి గ్రీసు, బెల్జియం లాంటి దేశాలు అంత నెత్తురు ధారపోసి స్వాతంత్ర్యం తెచ్చుకుని, వెంటనే పరాయి దేశం నుంచి రాజును ఎందుకు పిలిపించుకున్నాయి?
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని నేను చాలాకాలంగా ఎదురుచూస్తున్నానమ్మా. పాఠ్యపుస్తకాలు మనల్ని 1789 నాటి ఫ్రెంచి విప్లవం నుంచి ఒక్క గెంతులో గణతంత్రాల దగ్గరకు తీసుకుపోతాయి. నడుమ వందేళ్లలో యూరప్‌లో పుట్టిన కొత్త దేశాలు దాదాపు అన్నీ రాజ్యాలుగానే పుట్టాయన్న సంగతి నిలబెట్టి చెప్పవు.

గ్రీకులు 1821లో ఒట్టోమన్ సామ్రాజ్యంపై తిరగబడ్డారు. 1827 నాటికి ఆ పోరాటం కొన ఊపిరితో ఉంది. ఆ అక్టోబరులో నవరినో తీరంలో బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా నౌకాదళాలు కలిసి ఒట్టోమన్, ఈజిప్టు నౌకలను ధ్వంసం చేయడంతో దశ తిరిగింది. గెలిపించినవాళ్లు ఊరికే పోతారా? ముగ్గురూ రాజులే. 1793లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీ తల తెగిన తరవాత గణతంత్రం అన్నమాట వింటేనే దర్బారులు ఉలిక్కిపడేవి. నవరినో నాడు ఫ్రాన్సు గద్దె మీద ఉన్న పదో చార్లెస్ ఆ లూయీకి స్వయానా తమ్ముడు! కాబట్టి కొత్త దేశాన్ని గుర్తించాలంటే దానికి రాజు ఉండాలి. ఆ రాజు తమ మూడు కుటుంబాల వాడు కాకూడదు, ఎందుకంటే ఒకరి మనిషి కూర్చుంటే మిగతా ఇద్దరికీ నిద్ర పట్టదు. చిన్న జర్మన్ రాచకుటుంబాల కుర్రవాళ్లకు అంత గిరాకీ వచ్చింది ఇందుకే.

గ్రీకుల వైపు నుంచి కూడా చూడాలి. వాళ్లు తమ పాలకుడిగా ఎన్నుకున్న కపోడిస్ట్రియాస్‌ను 1831లో సొంత మనుషులే నాఫ్‌ప్లియో పట్టణంలో చర్చి గుమ్మం దగ్గర చంపారు. ముఠాల కొట్లాటలతో విసిగినవారికి, ఏ ముఠాకూ చెందని బయటివాడు వస్తే మేలనిపించడంలో వింత లేదు.

అలా 1833లో బవేరియా రాకుమారుడు ఒట్టో నాఫ్‌ప్లియోలో దిగాడు. వయసు 17. వెంట బవేరియా సైనికులు, మూడు అగ్రరాజ్యాలు హామీ ఇచ్చిన 6 కోట్ల ఫ్రాంకుల అప్పు, అతని పేరిట పాలించడానికి ముగ్గురు బవేరియా పెద్దలు వచ్చారు. రాజ్యాంగం మాత్రం రాలేదు. మరుసటి ఏడాదే ఆ పెద్దల ప్రభుత్వం స్వాతంత్ర్య సమర సేనాని కొలొకోట్రోనిస్‌ను రాజద్రోహి అంటూ బోనెక్కించింది. మరణశిక్ష తీర్పు మీద సంతకం పెట్టమంటే పోలిజోయిడిస్, టెర్ట్‌సెటిస్ అనే ఇద్దరు న్యాయమూర్తులు పెట్టం అన్నారు. బలవంతంగా ఈడ్చుకొచ్చి న్యాయస్థానంలో కూర్చోబెట్టినా పెట్టలేదు. శిక్షను జైలుకు తగ్గించి, చివరకు ఒట్టో తానే క్షమాభిక్ష ఇచ్చాడు. నా లెక్కలో ఆధునిక గ్రీసు పుట్టింది ఆ ఇద్దరు పెట్టని సంతకాలతోనే. రాజ్యాంగం కావాలంటూ 1843 సెప్టెంబరులో సైన్యం, ప్రజలు ఏథెన్స్ రాజభవనం ముందు నిలబడితే గానీ ఒట్టో ఒప్పుకోలేదు. 1862లో అతన్ని వెళ్లగొట్టారు.

బెల్జియం వాళ్లు ఇదే పని వేరే వరుసలో చేశారు. 1830లో డచ్చి రాజుపై తిరగబడి, 1831 ఫిబ్రవరికల్లా రాజ్యాంగం రాసుకున్నారు. రాజు వచ్చింది ఆ తరవాతే. మొదట ఫ్రెంచి రాజు కొడుకును అడిగితే, బ్రిటన్ ఊరుకోదన్న జంకుతో తండ్రి వద్దన్నాడు. చివరికి జర్మన్ రాకుమారుడు లియోపోల్డ్ ఒప్పుకున్నాడు. అంతకుముందు ఏడాది గ్రీసు కిరీటం కాదన్నది ఇతనే. 1831 జులై 21న అతను ప్రమాణం చేసింది తాను రాయని, మార్చలేని రాజ్యాంగం మీద. బెల్జియం జాతీయ దినోత్సవం నేటికీ అదే రోజు. ఆ రాచకుటుంబం ఇంకా ఉంది, ఒట్టో వంశం గ్రీసులో అతనితోనే పోయింది. రాజు పరాయివాడా, మనవాడా అన్నదానికంటే, అతను వచ్చేసరికి ఇంట్లో నియమాలు రాసి ఉన్నాయా లేదా అన్నదే తేల్చింది.

ప్రశ్న: యుద్ధం లేకుండా ఒక జాతి తయారు కాదని ఎక్కడో చదివాను. నిజమా?
– ఉపాధ్యాయుడు

జవాబు: యుద్ధం ప్రజలను కలిపిన మాట నిజమే. చీల్చిన మాట కూడా అంతే నిజం. ఫ్రాన్సునే తీసుకోండి. 1793 ఆగస్టు 23 నాటి సమీకరణ శాసనం చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది: యువకులు యుద్ధానికి వెళ్లాలి, పెళ్లయినవాళ్లు ఆయుధాలు తయారుచేయాలి, స్త్రీలు గుడారాలు, దుస్తులు కుట్టాలి, పిల్లలు పాత గుడ్డలను గాయాలకు కట్టే నూలుగా చేయాలి, ముసలివాళ్లు కూడళ్లలో కూర్చుని రాజుల మీద ద్వేషాన్ని బోధించాలి. పసివాడి చేతినీ ముసలివాడి గొంతునూ కూడా దేశం పనిలో పెట్టింది.

అయితే అదే సంవత్సరం ఫిబ్రవరిలో 3 లక్షల మందిని సైన్యంలో చేర్చాలన్న ఆజ్ఞ వెళ్లగానే పశ్చిమాన వాండే ప్రాంతపు రైతులు తిరగబడ్డారు. విప్లవ ప్రభుత్వం తమ పూజారులను తరిమేసిందన్న కోపం వాళ్లకు ముందే ఉంది. ఇప్పుడు పట్నం అధికారులు తాము తప్పించుకుని, రైతుల కొడుకులను మాత్రం పంపమంటున్నారు. ఆ అంతర్యుద్ధంలో లక్షకు పైగా మనుషులు పోయారు. దేశభక్తి చరిత్రలు ఈ పేజీని త్వరగా తిప్పేస్తాయి. అది నాకు సహించదు.

యుద్ధమే లేకుండా విడిపోయిన దేశమూ ఉంది. 1905లో నార్వే స్వీడన్ నుంచి వేరుపడింది. రెండు వైపులా సైన్యాలు సరిహద్దుకు కదిలాయి, అయినా కార్ల్‌స్టాడ్ పట్టణంలో కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్నారు. అంతకుముందు ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో విడిపోవాలని 3,68,208 మంది, వద్దని 184 మంది ఓటేశారు. ఓటు హక్కు లేని స్త్రీలు రెండు లక్షలకు పైగా సంతకాలు సేకరించి తమ మాట తాము చెప్పారు.

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధంలో కొందరు రాజులు పోయారు, కొందరు మిగిలారు. ఎందుకని?
– పాఠకుడు

జవాబు: ఓడినవాళ్లు పోయారు, అది సగం జవాబు. రష్యా జార్ నికోలస్ 1915లో సేనాధిపత్యం తానే తీసుకున్నాడు, దాంతో ప్రతి పరాజయమూ అతని ఖాతాలో పడింది. జర్మనీ కైజర్ 1918 నవంబరులో నెదర్లాండ్స్‌కు పారిపోయాడు. అధికారమంతా తమదే అన్నవారి మీదే నింద అంతా పడింది. బ్రిటన్ రాజు ఐదో జార్జ్ 1917లో కుటుంబపు జర్మన్ పేరు వదిలి విండ్సర్ అని మార్చుకోవలసి వచ్చింది గానీ, పాలన మంత్రులది కాబట్టి గద్దె నిలిచింది.

ప్రజల సమ్మతితో, రాజ్యాంగానికి లోబడి గద్దెనెక్కినవాళ్లు నిలిచారు, అది మిగతా సగం. దానికి ఉదాహరణ పైన చెప్పిన నార్వే. 1905లో వాళ్లు డెన్మార్క్ రాకుమారుడు కార్ల్‌ను రాజుగా రమ్మన్నారు. నార్వేలో గణతంత్రం కోరేవాళ్లూ ఉన్నారని విన్నాను, ముందు ప్రజలను అడగండి అన్నారాయన. నూటికి 79 ఓట్లు పడ్డాక గానీ కదల్లేదు. అక్కడ 1814 నాటి రాజ్యాంగం అప్పటికే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ నార్వే మీద దాడి చేశాక, ఏడో హాకన్ పేరుతో గద్దెనెక్కిన ఆయన దగ్గరకు 1940 ఏప్రిల్ 10న జర్మన్ రాయబారి వచ్చి, నాజీ అనుచరుడు క్విస్లింగ్‌ను ప్రధానిగా నియమించమన్నాడు. ప్రజలకు గానీ పార్లమెంటుకు గానీ నమ్మకం లేని మనిషిని నేను నియమించలేను, మీరు ఒప్పుకోదలిస్తే నేను గద్దె దిగుతాను అని రాజు మంత్రులతో చెప్పారు. మంత్రివర్గం ఆయన పక్షానే నిలిచింది. మరునాడు వాళ్లున్న నైబెర్గ్‌సుండ్ గ్రామం మీద జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ జూన్‌లో రాజు, మంత్రులు బ్రిటన్‌కు వెళ్లి, అక్కడి నుంచే యుద్ధం కొనసాగించారు.