జర్మన్, రష్యన్ కుర్ర మేనేజర్లను ఒకచోట కూర్చోబెడితే నిజంగా పని జరుగుతుందా?

జరుగుతుంది, నేను చూశాను. మీరు జర్మనీలో ఎంబీఏ చేస్తున్నారని, క్లాసులోని జర్మన్, రష్యన్ స్నేహితులతో కలిసి రెండు వైపుల యువ వ్యాపారులకు ఒక సమావేశం పెట్టాలనుకుంటున్నారని రాశారు. అందుకని నాకు జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను, పొరపాట్లతో సహా.

మాది విశాఖ. ఉక్కు ఫ్యాక్టరీని సోవియట్ సాయంతో కట్టారు కదా, మా నాన్న ఆ ఇంజినీర్లతో కలిసి పనిచేశారు, అందుకే మా ఇంట్లో నాలుగు రష్యన్ మాటలు ఎప్పుడూ వినపడేవి. తర్వాత నేను హాంబర్గ్ దగ్గర ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో చేరితే, ఆ కాస్త భాష తెలుసని రష్యా ఆర్డర్లు నాకే అప్పగించారు. 2017లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఐదు రోజుల సమావేశానికి పంపారు. హాంబర్గ్, పీటర్స్‌బర్గ్ 1957లో సోదర నగరాలయ్యాయి, అప్పట్లో రాకపోకలు ఎక్కువ. అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది, అందరూ 35 ఏళ్ల లోపువాళ్లే.

మొదటి రెండు రోజులూ ప్రెజెంటేషన్లే. స్నేహం, భాగస్వామ్యం, భవిష్యత్తు. టీ బ్రేక్ వస్తే జర్మన్లు ఒక మూల, రష్యన్లు ఇంకో మూల. మూడో రోజు మమ్మల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, మీ మధ్య నిజంగా చెడిన ఒక వ్యవహారం తీసి మాట్లాడుకోండి అన్నారు. నాకు జోడీగా వచ్చినావిడ మా యంత్రం కొన్న పాల డెయిరీలోనే కొనుగోళ్లు చూసే అమ్మాయి. ఆరు నెలల ముందు మా మేనేజర్ వాళ్ల దగ్గరికి వెళ్లి రెండు రోజులు మాట్లాడి వచ్చాక మూడు వారాలు పని పూర్తిగా ఆగిపోయింది. ఎందుకో మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు, వాళ్లే కావాలని సాగదీస్తున్నారనుకున్నాం.

అసలు సంగతి ఆమె చెప్పింది. సమావేశం చివర వాళ్లు ప్రొటోకాల్ రాసి సంతకం కోసం ముందు పెట్టారట. మా మేనేజర్ "రేపు మెయిల్ చేస్తాను" అని లేచి వచ్చేశాడు. ప్రొటోకాల్ అనే మాట రెండు భాషల్లోనూ ఉంది, కానీ బరువు ఒకటి కాదు. జర్మన్‌కి అది ఏం మాట్లాడుకున్నామో రాసుకున్న కాగితం. రష్యన్లకి ఇద్దరి సంతకాలతో జనరల్ డైరెక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన కాగితం, అది లేకపోతే లోపల ఫైలు కదలదు. పైగా మా మేనేజర్‌కి ప్రొకూరా లేదు, అంటే కంపెనీ తరఫున సంతకం చేసే రిజిస్టరైన అధికారం లేదు. అందుకే భయపడ్డాడు, కానీ ఆ మాట వాళ్లకు చెప్పలేదు. "మీరు సంతకం పెట్టకుండా వెళ్లిపోతే, రెండు రోజులు మాట్లాడిందంతా ఉత్తిదే అనుకున్నాం" అంది ఆమె. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఇక్కడ మోసం చేసినవాళ్లు ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక పేజీ రాశాం. మీ వైపు సంతకం ఎవరిది, ఎంత మొత్తం దాకా, పైన ఇంకా ఎవరిని అడగాలి, ఆలస్యమైతే నష్టం ఎవరు భరిస్తారు, సెలవులెప్పుడు (రష్యన్లకి జనవరి మొదటి వారం, మే మొదట్లో, జర్మన్లకి ఆగస్టు). అంతే. తర్వాతి నాలుగేళ్లు ప్రతి ఆర్డర్‌కీ ముందు ఆ పేజీ నింపేవాళ్లం, మళ్లీ అలాంటి గొడవ రాలేదు. పిలుపుల విషయం మనకి తేలిగ్గా అర్థమవుతుంది: మనకి మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్లిద్దరికీ ఉన్నాయి, రష్యన్లు పెద్దవాళ్లను పేరుతోపాటు తండ్రి పేరు కలిపి పిలుస్తారు. అది నేర్చుకుని రమ్మని జర్మన్లకు ముందే చెప్పండి.

ఇప్పుడు కష్టమైన భాగం. 2014లో క్రిమియాను రష్యా కలుపుకున్నాక ఆంక్షలు మొదలయ్యాయి, మా సమావేశంలో మాత్రం రాజకీయాలు ఎత్తొద్దన్నారు. నేనూ సరేనన్నాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా అనిపిస్తుంది. జర్మన్లలో ఒక పాత నమ్మకం ఉండేది, "వాండెల్ డుర్ష్ హాండెల్", వ్యాపారం చేస్తూ ఉంటే అవతలివాళ్లూ మారతారని. 1970లో ఎస్సెన్‌లో కుదిరిన ఒప్పందాన్ని ఉదాహరణగా చెప్పేవాళ్లు: పశ్చిమ జర్మనీ పెద్ద పైపులు ఇచ్చింది, సోవియట్ యూనియన్ 1973 నుంచి గ్యాస్ పంపింది, ప్రచ్ఛన్న యుద్ధంలో కూడా అది ఆగలేదు. దాంతో ఒకే చోటి గ్యాస్ మీద ఇంతగా ఆధారపడితే ఏమవుతుందని అడిగినవాళ్ల మాట చెవికెక్కలేదు. 2022 ఫిబ్రవరి 22న రష్యా నుంచి గ్యాస్ తెచ్చే కొత్త పైపులైను నార్డ్ స్ట్రీమ్ 2 అనుమతి ప్రక్రియను జర్మనీ ఆపేసింది, రెండు రోజులకే ఉక్రెయిన్ మీద రష్యా దాడి. 1850లలో టెలిగ్రాఫ్ లైన్లతో రష్యాలో మొదలుపెట్టిన జర్మన్ కంపెనీ సీమెన్స్ ఆ మే నెలలోనే వెళ్లిపోతున్నామని ప్రకటించింది. రష్యాలోని కలూగాలో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ ఆగిపోయి, మరుసటేడు చేతులు మారింది. 2001లో రెండు దేశాల నాయకులు మొదలుపెట్టిన, ఇరువైపుల జనం కలిసి మాట్లాడుకునే వేదిక పీటర్స్‌బర్గ్ డైలాగ్‌నూ రద్దు చేసుకున్నారు. మేం 24 మంది మాట్లాడి ఉంటే యుద్ధం ఆగేదని కాదు. కానీ సంతకం గురించి అంత సూటిగా అడిగినవాళ్లం, మన వ్యాపారం ఎవరికి బలం ఇస్తోందని మాత్రం అడగలేదు.

కాబట్టి మీ సమావేశంలో ఆ ప్రశ్నకి చోటు పెట్టండి, కానీ రష్యా నుంచి వచ్చేవాళ్ల ప్రాణం మీదికి తేవద్దు. 2021లోనే రష్యా మూడు జర్మన్ సంస్థలను "అవాంఛనీయం" అని ప్రకటించింది, అలాంటి వాటితో కలిసి పనిచేస్తే అక్కడివాళ్ల మీద కేసు పెట్టొచ్చు. ఎవరి డబ్బుతో, ఎవరి పేరుతో పెడుతున్నారో ముందే వాళ్లకు చెప్పండి, ఫొటోలు వద్దు, పేర్లు ఎక్కడా పెట్టొద్దు. యూరప్ ఆంక్షల విషయంలో ఒక లాయర్‌ని అడగకుండా వ్యాపార ఒప్పందాల జోలికి వెళ్లకండి. 2022 తర్వాత చాలామంది రష్యన్ కుర్రాళ్లు బెల్‌గ్రేడ్, ఎరెవాన్, టిబిలిసీ లాంటి విదేశీ నగరాలకు వెళ్లి సొంతంగా కంపెనీలు పెట్టుకున్నారు, బెర్లిన్‌లోనూ ఉన్నారు. నేనైతే వాళ్లతోనే మొదలుపెడతాను. మొదటి రోజు ఉదయం ప్రెజెంటేషన్లు వద్దు, ఆ ఒక్క పేజీ చేతికివ్వండి. మా పాత నమూనా ఇంకా నా దగ్గరుంది, కావాలంటే తెలుగులో రాసి పెడతాను.