స్కూలు అవగానే నాష్‌విల్ వెళ్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో గ్రేడ్. మంచి స్కోర్లున్నాయి. కంట్రీ పాటలు (అమెరికా పల్లె సంగీతం) రాసి గిటార్‌తో పాడుతుంది. కంప్యూటర్ సైన్స్ వద్దు, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వెళ్తానంటోంది. ఎందుకంటే కంట్రీ గాయని డాలీ పార్టన్ అలాగే వెళ్లిందట. కంప్యూటర్ సైన్సా, సంగీతమా, ఏది మంచిది?

జవాబు: పిల్ల దారి తప్పుతుందేమో, నలుగురికీ ఏం చెప్పుకోవాలో అన్నదే మీ అసలు భయం. నలుగురి సంగతి వదిలేయండి.

డాలీ కథ మీ అమ్మాయికి సగమే తెలుసు. టెనెస్సీ కొండల్లో, పన్నెండుమంది పిల్లల్లో నాలుగో సంతానంగా పుట్టింది. పురుడు పోసిన డాక్టరుకు వాళ్ల నాన్న ఇచ్చుకోగలిగింది మొక్కజొన్న పిండి మాత్రమే. 1964లో హైస్కూలు పూర్తయిన మర్నాడే నాష్‌విల్ వెళ్లిన మాట నిజం. కానీ అప్పటికే పదేళ్ల వయసు నుంచి నాక్స్‌విల్‌లో రేడియోకి, టీవీకి పాడుతోంది. వెళ్లాక కూడా ముందు గుర్తింపు తెచ్చింది మేనమామ బిల్ ఓవెన్స్‌తో కలిసి ఇతర గాయకులకు రాసిన పాటలు. తర్వాత తను రాసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడాలనుకున్నప్పుడు, అతని మేనేజర్ ప్రచురణ హక్కుల్లో సగం అడిగితే ఇవ్వనంది. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడితే హక్కుల డబ్బు డాలీకే వచ్చింది.

నా అనుమానమల్లా రీల్స్ మీద. ఒక పల్లవి వైరల్ అయితే చాలు, గాయని అయిపోయామనుకుంటున్నారు పిల్లలు. పాటను చివరిదాకా రాయడం, కొత్తవాళ్ల ముందు తడబడకుండా పాడటం, కాంట్రాక్టు చదివి సంతకం పెట్టడం రీల్స్ వల్ల రావు. రీల్స్‌లో వచ్చిన పేరు చూసుకుని చదువు మానేస్తానంటే నేను ఒప్పుకోను.

మీకూ ఒక మాట. స్కోర్ల గురించి రాశారు, ఆమె పాట ఎలా ఉంటుందో ఒక్క ముక్క రాయలేదు. అసలు ఎప్పుడైనా కూర్చుని విన్నారా? వినకుండానే కంప్యూటర్ సైన్స్‌తో పోలుస్తారా?

అంత టెన్షన్ వద్దు. నాష్‌విల్‌లోని బెల్మాంట్ యూనివర్సిటీలో పాటల రచనకే డిగ్రీ ఉంది. దగ్గర్లోని మిడిల్ టెనెస్సీ స్టేట్ యూనివర్సిటీలో రికార్డింగ్, సంగీత వ్యాపారం నేర్పుతారు. మొదటిది ప్రైవేటు, ఖర్చు ఎక్కువ. ఈ రెండింటికీ, కంప్యూటర్ సైన్స్‌కీ కూడా దరఖాస్తు చేయించండి. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తర్వాత మార్చుకోవచ్చు. ఈలోగా నాష్‌విల్ బ్లూబర్డ్ కేఫ్‌లో సోమవారాలు జరిగే, కొత్తవాళ్లు వేదికెక్కి పాడే ఓపెన్ మైక్‌కు తీసుకెళ్లి, సొంత పాట పాడనివ్వండి. అందరికీ అవకాశం దొరకదు, నియమాలు ముందే కనుక్కుని వెళ్లండి.