మంచు సముద్రం మీద మనసు పడ్డ అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. అంటార్కిటికా చుట్టూ ఉండే సముద్ర ప్రవాహాల మీద పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చెయ్యమంటే వినదు. ఇందులో ఉద్యోగాలున్నాయా? ఆడపిల్లని అంత దూరం ఎలా పంపాలి? - ఒక తండ్రి

జవాబు: దూరం సంగతి ముందు చెప్తాను. అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు 1983లోనే మన యాత్రా బృందంతో అంటార్కిటికా వెళ్లారు. ఇప్పుడైతే గట్టి వైద్య పరీక్షలు, ఔలి మంచుకొండల్లో శిక్షణ అయ్యాకే ఓడ ఎక్కనిస్తారు. మీరు దిగులుపడాల్సింది దాని గురించి కాదండీ, డబ్బూ కాలమూ గురించి.

ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, కొచ్చిన్‌లో కుసాట్ అనే యూనివర్సిటీ ఉంది, ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆపైన నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి అయిదేళ్లు వేసుకోండి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు కాంట్రాక్టు ప్రాజెక్టులే. గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం ఎన్‌సీపీవోఆర్, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ లాంటి చోట్ల పర్మినెంట్ పోస్టులు కొన్నే. ముప్పై దాటినా స్థిరపడకపోవచ్చు. పెళ్లి సంబంధాలవాళ్లకి ఇది చెప్పడం కష్టమే, నాకు తెలుసు!

ఇంకో సంగతి అమ్మాయికి చెప్పాలి. ఓడ మీద ఉండేది కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు. మిగతా ఏడాదంతా పైథాన్ ప్రోగ్రామింగ్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, కుర్చీ. పెంగ్విన్ల ఫొటోలు చూసి వచ్చినవాళ్లు ఇక్కడే జారుకుంటారు.

అందుకే ఒక చిన్న పని పెట్టండి. ఆర్గో ఫ్లోట్లు అని సముద్రంలో వదిలిన యంత్రాలుంటాయి. పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ నీటి వేడినీ ఉప్పునీ కొలుస్తాయి. ఆ డేటా ఇంటర్నెట్‌లో ఉచితం. అంటార్కిటికాకి దగ్గర్లో తిరిగిన ఫ్లోట్ ఒకటి ఎంచుకుని, జనవరి నెలది (అక్కడ అప్పుడు వేసవి) లోతును బట్టి నీటి వేడి ఎలా మారుతుందో గ్రాఫ్ గీయమనండి. పైన కాస్త వెచ్చగా, వంద మీటర్ల దరిదాపుల్లో బాగా చల్లగా ఉండి, ఇంకా కిందికి పోతే మళ్లీ వెచ్చబడుతుంది. ఆ చల్లని పొర పోయిన చలికాలం వదిలిపెట్టిన నీరు. మరి కింది వెచ్చని నీరు పైకి తేలదేం? ఉప్పు ఎక్కువ కాబట్టి బరువు. అక్కడి సముద్రంలో వేడి కంటే ఉప్పుదే పెత్తనం. నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పుని బయటికి నెట్టేస్తుంది, దాంతో కింది నీరు బరువెక్కుతుంది. కొన్నిచోట్ల అది అడుగుదాకా దిగి ఉత్తరానికి పాకుతుంది. అంటార్కిటికాలో మన పరిశోధన కేంద్రం భారతి ఉన్న ప్రిడ్జ్ బే ప్రాంతం అలాంటి చోటే.

ఈ చిక్కు తనే విప్పుకోవాలని రెండు వారాలు కూర్చుంటే అడ్డు చెప్పకండి. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరులో మొదలవుతాయి, ఫైనలియర్‌లోనే పెట్టించండి. రెండు రోజులకే విసుక్కుంటే బీఈడీ ఎక్కడికీ పోదు.